ఎమ్మారైకి ముందు వీఆర్ చూపిస్తే పిల్లల భయం తగ్గుతుందా?

ప్రశ్న:
మా అమ్మాయికి ఆరేళ్లు. తలకు ఎమ్మారై తీయించడానికి తీసుకెళ్తే, చప్పుడు మొదలవగానే లేచి కూర్చుని ఏడ్చేయడంతో స్కాన్ మధ్యలోనే ఆపేశారు. ఈసారి మత్తు ఇచ్చి తీస్తామంటున్నారు. ఈలోగా వీఆర్‌తో (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టి, ఆ చోటే ఉన్నట్టు అనిపించేలా దృశ్యాలు చూపించడం) భయం పోగొట్టవచ్చని విన్నాను. స్కాన్ జరుగుతున్నంతసేపూ ఆ హెడ్‌సెట్ పెట్టి ఉంచుతారా?

జవాబు 1:
నేను రేడియాలజీ విభాగంలో పనిచేస్తాను. మామూలు హెడ్‌సెట్‌ను ఎమ్మారై గదిలోకి అసలు రానివ్వము. అందులో బ్యాటరీ, లోహపు భాగాలు ఉంటాయి, గదిలో ఉన్నది బలమైన అయస్కాంతం. పైగా తల చుట్టూ అమర్చే కాయిల్‌లో దానికి చోటే ఉండదు. యంత్రం లోపలే వాడదగిన వీఆర్ వ్యవస్థను లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు రూపొందించి 2021లో ఆ వివరాలు ప్రచురించారు గానీ, మామూలు ఆసుపత్రుల్లో వీఆర్ అంటే ముందుగా చేయించే రిహార్సలే. బల్ల లోపలికి జరగడం, ముఖానికి దగ్గరగా గొట్టం పైకప్పు కనిపించడం, టకటకమనే ఆ మోత, ఇవన్నీ పాప అందులో స్కానుకు ముందే ఒకసారి చూస్తుంది, వింటుంది. మోత వినిపించని వీడియో అయితే, మీ పాప విషయంలో పెద్దగా ఉపయోగపడదు.

జవాబు 2:
మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు ఇలాగే చూపించారు. గొట్టమంటే భయం పోయింది, నిజమే. కానీ వీఆర్‌లో తల అటూ ఇటూ తిప్పి చూడటమే సరదా, స్కానులో చేయకూడనిది సరిగ్గా అదే! అందుకని ఇంట్లో వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టి, ఫోనులో ఎమ్మారై చప్పుడు వినిపిస్తూ, బిళ్ల జారకుండా ఎంతసేపు ఉంటాడో లెక్కపెట్టేవాళ్లం.

జవాబు 3:
పిల్లల వైద్యుడిగా ఒక మాట. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఛాతీ ఎక్స్‌రేకు ముందు మూడు నిమిషాల వీఆర్ చూపించినప్పుడు ఆందోళన తగ్గిందని దక్షిణ కొరియాలో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. అయితే ఎక్స్‌రే రెప్పపాటులో అయిపోతుంది, ఎమ్మారైలో చాలాసార్లు అరగంటకు పైగా కదలకుండా ఉండాలి. కాబట్టి ఆ ఫలితాన్ని దీనికి యథాతథంగా అన్వయించలేము. మత్తు కోసం ఇచ్చిన తేదీని మాత్రం ఇప్పుడే రద్దు చేసుకోకండి. పాపకు మూర్ఛ (ఫిట్స్) ఉంటే వీఆర్ సంగతి ముందుగా మీ వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మూర్ఛ లేదు. నిన్న రాత్రి బిళ్ల నాలుగు నిమిషాలు నిలిచింది. ఆ తరువాత నవ్వు ఆపుకోలేకపోయింది.