మూసీల ఆల్చిప్పలతోని కాలుష్యం చూడొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి

అన్నలకు అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దిక్కు, వాడపల్లి కాడ మూసీ వచ్చి కృష్ణల కలుస్తది కదా, ఆ పక్కనే. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు చేస్తున్న. సముద్రం ఒడ్డుకైతే అమెరికాల 1986 నుంచే ఆల్చిప్పల కండ తీసి సీసం, కాడ్మియం, పురుగుమందులు ఎంతున్నయో చూస్తున్నరు, అవి ఒక్కకాడనే ఉండి నీళ్లు వడకట్టుకొని తింటయి కాబట్టి విషం ఒంట్లనే పేరుకుంటది. మొన్న పోయి చూస్తే మూసీ దిక్కు బురదల అన్నీ ఖాళీ చిప్పలే, లోపల నల్లగ పట్టిపోయి ఉన్నయి, కృష్ణ దిక్కు మాత్రం బతికినయి దొరికినయి, మస్తు బాధైంది. బతికినయి లేని కాడ మంచి చెరువు నుంచి తెచ్చి జాలి బుట్టల నీళ్లల ఉంచితే లెక్కకొస్తదా, ఎన్ని వారాలు ఉంచాలె? కండను ఐస్‌ల పెట్టి ల్యాబుకు తీస్కపోవాల్నా, ఎండబెట్టాల్నా? చేసినోళ్లు ఉంటే జర చెప్పండి.