సిల్వానస్‌ని చంపేయాల్సింది కదా? (వావ్ కథ, స్పాయిలర్లు ఉన్నాయి)

మూన్‌వెల్_మావయ్య:
మా తమ్ముడి కొడుకు పోయిన వారం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) ఆన్‌లైన్ గేమ్ మొదలుపెట్టాడు. నేను చెప్పకుండానే నైట్ ఎల్ఫ్ జాతి పాత్ర తీసుకున్నాడు, భలే సంతోషం వేసింది. "పెదనాన్నా, మన ఊరెక్కడుంది?" అన్నాడు. కాలిపోయిందిరా అన్నా. "కాల్చినవాళ్లని ఏం చేశారు?" అన్నాడు. ఇక అక్కడ ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో. ఆటలో హోర్డ్, అలయన్స్ అని రెండు పక్షాలు, నైట్ ఎల్ఫులు అలయన్స్. 2018లో హోర్డ్ నాయకురాలుగా ఉన్న సిల్వానస్, నైట్ ఎల్ఫులు కాపురమున్న మహావృక్షం టెల్‌డ్రసిల్‌ని జనంతో సహా తగలబెట్టించింది. ఆ చచ్చినవాళ్ల ఆత్మలు కూడా నేరుగా మావ్‌లో, అంటే బయటికి దారిలేని నరకంలో, పడ్డాయి. 2022లో చచ్చినవాళ్ల లోకంలోనే నైట్ ఎల్ఫుల నాయకురాలు టైరాండే ఆవిడకి తీర్పు చెప్పింది. ఏం తీర్పు? మావ్‌లోకి వెళ్లి అక్కడ చిక్కుకున్న ఆత్మలన్నిటినీ వెతికి విడిపించమంది. అంతే. తల తీయలేదు.

ఆ రోజు ఆ చెట్టు మీది నగరం డార్నాసస్‌లో జనాన్ని కాపాడే క్వెస్ట్ చేసినవాళ్లకి గుర్తుంటుంది. పక్కన లెక్క 982 అని ఉంటుంది. పొగలో ఒక్కొక్కరి మీదా క్లిక్ చేసి బయటికి పంపాలి, టైమ్ చూస్తే రెండు మూడు నిమిషాలు. నేను నలభై దాకా వెళ్లేసరికి స్క్రీన్ అంతా ఎర్రబడిపోయింది. అసలు ఎవరూ పూర్తి చేయకూడదనే పెట్టారు ఆ నంబరు. మిగతా తొమ్మిది వందల మంది సంగతేంటి అని నా ప్రశ్న. చంపాల్సిందే.

పింగ్300:
మళ్లీ మొదలెట్టావా మావయ్యా. 2022 నుంచి ఇదే గోల

డెత్‌స్టాకర్_దుర్గ:
మావయ్యా, చంపాల్సిందే అని తేలిగ్గా అనేశావు. ఎన్నోసారి? ఆవిడ ఇప్పటికే మూడుసార్లు చచ్చింది. మొదట సొంత రాజ్యం క్వెల్‌థాలస్‌లో ఆర్థాస్ (తర్వాత లిచ్ కింగ్ అయినవాడు) చేతిలో, బాన్షీగా, అంటే దెయ్యంగా, లేపింది కూడా వాడే. ఆర్థాస్ పోయాక వాడి కోట ఐస్‌క్రౌన్ మీద నుంచి తనే దూకింది, వాల్‌కిర్‌లనే ఆత్మలు వెనక్కి తెచ్చాయి. కాటక్లిజం ఎక్స్‌పాన్షన్‌లో (ఆటకి కొత్తగా కలిపి అమ్మే భాగం) సిల్వర్‌పైన్ దగ్గర గాడ్‌ఫ్రీ అనేవాడు తుపాకీతో కాల్చాడు, అది మన కళ్లముందే జరిగింది. మళ్లీ లేచింది. ఇప్పుడు నాలుగోసారి చంపితే ఏమవుతుంది? చావు తర్వాతి లోకంలో నిలబడి చావు శిక్ష వేయడం అంటే, బస్టాండ్‌లో కూర్చున్నవాణ్ణి బస్టాండ్‌కి పంపిస్తా అని బెదిరించినట్టుంది.

ఇంకో మాట. నీ తొమ్మిది వందల మందీ ఉన్నది మావ్‌లోనే. ఆవిడ తల తీస్తే వాళ్లని బయటికి తెచ్చేదెవరు? నువ్వు వెళ్తావా?

వేటగాడు77:
చంపినా జైల్లో పెట్టినా నాకొకటే. శాంక్టమ్ రెయిడ్‌లో (గుంపుగా వెళ్లి పెద్ద శత్రువులతో పోరాడే చోటు) ఆవిడ దగ్గర పడే రే'షలారే విల్లు నాకింకా రాలేదు. రెండేళ్లుగా వారం వారం వెళ్తున్నా.

లోర్‌లక్ష్మణ్:
ముందు "జైలు" అనే మాట తప్పు. జైలుకి తాళం, కాపలా, గడువు ఉండాలి. సిల్వానస్ విషయంలో గడువుగా చెప్పింది ఒక్కటే, చివరి ఆత్మ దొరికేదాకా. కాపలా ఎవరూ లేరు. కాబట్టి ఇది జైలు కాదు, వెట్టి.

అసలు జైలంటే ద్రోహి అని పేరుపడ్డ నైట్ ఎల్ఫ్ ఇల్లిడాన్‌ది. 10,000 ఏళ్లు హైజల్ కొండ కింద. బయటికి తెచ్చింది ఎవరో గుర్తుందా? ఇదే టైరాండే. వార్‌క్రాఫ్ట్ 3లో, 2002లో, కాపలాగా ఉన్న తన సొంత మనుషుల్నే చంపి మరీ తీసింది. సిల్వానస్‌కి తీర్పు చెప్పిన మనిషికి జైళ్లు ఎలా పనిచేస్తాయో మనకన్నా బాగానే తెలుసు.

మూన్‌వెల్_మావయ్య:
లక్ష్మణ్, నువ్వు నా వాదనే నా చేతికిచ్చావు. ఒకప్పటి హోర్డ్ నాయకుడు గరోష్‌ని చూడండి. థెరమోర్ మీద మనా బాంబు వేశాడు, ఒక నగరం మొత్తం బూడిద. 2013లో హోర్డ్ రాజధాని ఆర్గ్రిమార్ ముట్టడిలో ప్రాణాలతో పట్టుకున్నారు. పెద్దమనుషుల్లాగా పండారియాలో విచారణ పెట్టారు, బేన్ వాడి తరఫున వాదించాడు, టైరాండే నేరం మోపింది. చివరికేమైంది? తప్పించుకుని వేరే కాలంలోని డ్రానార్ లోకానికి పోయి ఐరన్ హోర్డ్ సైన్యాన్ని తయారుచేశాడు. 2014లో నాగ్రాండ్‌లో థ్రాల్ చంపితేగాని తెగలేదు. ముందే చంపి ఉంటే ఒక ఎక్స్‌పాన్షన్ డబ్బులు మిగిలేవి మాకు.

పింగ్300:
ఆ ఎక్స్‌పాన్షన్‌లో గ్యారిసన్‌లో (ఒక్కొక్కరికీ ఇచ్చిన సొంత కోట) ఒంటరిగా కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. అవును, చంపాల్సింది

డెత్‌స్టాకర్_దుర్గ:
చంపితే తిరిగి రారని ఎవరు చెప్పారు మీకు? బ్లడ్ ఎల్ఫ్ యువరాజు కేల్‌థాస్‌ని టెంపెస్ట్ కీప్‌లో చంపాం. 2008లో మెజిస్టర్స్ టెర్రస్‌లో ఛాతీలో పచ్చ క్రిస్టల్ పెట్టుకుని దిగాడు. ఇల్లిడాన్‌ని బ్లాక్ టెంపుల్‌లో చంపాం, లీజియన్ ఎక్స్‌పాన్షన్‌లో వచ్చి మన పక్కనే నిలబడ్డాడు. ఈ ఆటలో తప్పించుకున్న ఖైదీలకన్నా తిరిగొచ్చిన శవాలే ఎక్కువ.

గరోష్‌నీ సిల్వానస్‌నీ ఒకే గాట కట్టొద్దు. గరోష్ ఆఖరి క్షణం దాకా తను చేసింది తప్పు కాదన్నాడు. ఆవిడ అలా కాదు. మావ్‌ని ఏలే జైలర్ ఆవిడ ఆత్మలోని విరిగిన ముక్క తిరిగి ఇచ్చాక, చేసిందంతా ఒక్కసారి మీద పడింది. తీర్పు ముందు తప్పించుకోవాలని చూడలేదు, వాదించలేదు కూడా.

మూన్‌వెల్_మావయ్య:
ఆ ఆత్మ ముక్క కథ నా దగ్గర చెప్పొద్దు దుర్గా. సగం ఆత్మే ఉంది కాబట్టి ఊరు కాల్చేసింది అంటే, సగం తాగి ఉన్నా కాబట్టి బండి గుద్దేశా అన్నట్టుంది. హోర్డ్ సేనాని సౌర్‌ఫాంగ్‌కి ఆత్మ ఎవడూ అతికించలేదే? ఆ దండయాత్రకి ప్లాన్ వేసింది ఆయనే. టైరాండే భర్త మల్‌ఫ్యూరియన్‌ని వెనక నుంచి గొడ్డలితో కొట్టిందీ ఆయనే. కొట్టాక చంపలేక వదిలేశాడు. చెట్టు తగలబడుతుంటే అక్కడే చితికిపోయాడు. తర్వాత ఆర్గ్రిమార్ గేటు ముందు ఆవిడతో మక్‌గోరాకి, అంటే చావో బతుకో తేల్చే ద్వంద్వ యుద్ధానికి, దిగి ప్రాణం ఇచ్చాడు. పశ్చాత్తాపం అంటే అది. ఎవరో ముక్క తెచ్చి అతికిస్తే వచ్చేది రిపేరు.

వేటగాడు77:
"రిపేరు" 😂

కొత్తమొహం:
నేను ఆడేది తక్కువ, కథ యూట్యూబ్‌లో చూశా. ఇది అశ్వత్థామ కథలా ఉంది కదా? రాత్రిపూట నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడు. అర్జునుడు కట్టి తెస్తే భీముడు చంపమన్నాడు, ద్రౌపదేమో ఇంకో తల్లికి నాలాంటి కడుపుకోత వద్దు, వదిలేయమంది. జుట్టు గొరిగి, తలలో మణి లాక్కుని తరిమేశారు. చంపలేదు, బతకనిచ్చారు. అది చావుకన్నా ఘోరం అని మా నాన్నమ్మ అనేది.

డెత్‌స్టాకర్_దుర్గ:
కొత్తమొహం, నూటికి నూరు మార్కులు. టైరాండే ఇక్కడ ద్రౌపది. నష్టపోయిన మనిషే తీర్పు చెప్పింది. మనం భీముడి వేషం వేసుకుని కూర్చోవడం దేనికి?

లోర్‌లక్ష్మణ్:
ఏ ద్రౌపది? వదిలేయమన్నది భాగవతంలో ద్రౌపది. భారతం సౌప్తిక పర్వంలో ఆవిడ అశ్వత్థామని చంపి ఆ మణి తెచ్చేదాకా లేవనని ప్రాయోపవేశానికి కూర్చుంది. రెండు పుస్తకాల్లో ఇద్దరు ద్రౌపదులు. మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి.

డెత్‌స్టాకర్_దుర్గ:
లక్ష్మణ్, దండం. పాయింట్ అది కాదు.

లోర్‌లక్ష్మణ్:
అదే పాయింట్. టైరాండే కూడా ఇద్దరు. 8.1 ప్యాచ్‌లో చంద్రదేవత ఉగ్రశక్తి తీసుకుని నైట్ వారియర్ అయినప్పుడు భారతం ద్రౌపది, పగ కోసం ప్రాణం పోయినా సరే అంది. 2022కి భాగవతం ద్రౌపది అయింది. మధ్యలో ఏం మారిందో చూపించకుండా మార్చేశారని మావయ్య బాధ. ఆయన సరిగ్గా చెప్పట్లేదు, నేను చెప్తున్నా.

మూన్‌వెల్_మావయ్య:
నా బాధ నేను చెప్పుకోగలను తమ్ముడూ. టైరాండే వదిలేయలేదు, రైటర్లు ఆవిడ నోటి నుంచి ఆ మాట అనిపించారు. నాలుగేళ్లు ఆ పాత్రతో పాటు పళ్లు కొరుక్కుంటూ తిరిగాం. చివర్లో పెద్దరికం ఒకటి అంటగట్టి ఊరుకోబెట్టారు. ఎప్పుడూ ఇంతే, పోగొట్టుకున్నవాడే పెద్దమనసు చేసుకోవాలి. క్షమించమని సలహా ఇచ్చేవాళ్లకి పోయేదేముంది? ఈ మాట నీకు బాగా తెలియాలి దుర్గా. 2010లో కూడా నువ్వే కదా.

పింగ్300:
అయ్యో. సరోనైట్ వస్తోంది

డెత్‌స్టాకర్_దుర్గ:
పదిహేనేళ్లు దాటింది మావయ్యా. ఇక్కడ ఎందుకు అది?

మూన్‌వెల్_మావయ్య:
ఎందుకంటే అదీ ఇదీ ఒకటే. కొత్తవాళ్లకి చెప్తా వినండి. లిచ్ కింగ్ ఎక్స్‌పాన్షన్ రోజుల్లో మాది చిన్న గిల్డ్, అంటే కలిసి ఆడే జట్టు. అంతా తెలుగువాళ్లం. ఇక్కడ సర్వర్ లేదు, 300 పింగ్‌తోనే (అంత ఆలస్యంగా స్పందించే నెట్‌తో) ఐస్‌క్రౌన్ ఎక్కేవాళ్లం. నా వారియర్‌కి షాడోమోర్న్ గొడ్డలి చేయిద్దామని అందరూ అనుకున్నారు. దాని మొదటి మెట్టుకే 25 ప్రైమోర్డియల్ సరోనైట్ లోహపు ముద్దలు కావాలి. ఒక్కోటీ కొనాలంటే ఆటలో సంపాదించే 23 ఫ్రాస్ట్ ఎంబ్లమ్‌లు. వారాల తరబడి ఒక్కోటి చేర్చి గిల్డ్ బ్యాంకులో 21 దాకా తెచ్చాం. ఒక రాత్రి మా ఆఫీసర్ ఒకడు లాగిన్ అయి, ఆ 21తో పాటు బ్యాంకులో ఉన్న గోల్డ్ అంతా తీసుకుని వెళ్లిపోయాడు. పొద్దున్నే చూస్తే ట్యాబ్‌లో మూడు చేపల కూరలు, ఒక పాత టోపీ మిగిలాయి.

మూడు నెలలకి వాడు తిరిగొచ్చాడు. తప్పయిపోయింది, ఇంట్లో ఇబ్బంది వచ్చి అమ్ముకున్నా అన్నాడు. దుర్గ అప్పుడు ఆఫీసర్, అప్పట్లో తనూ అలయన్సే. ఓటింగ్ పెట్టి వాణ్ణి మళ్లీ చేర్చుకుంది. శిక్ష ఏంటంటే, తీసుకున్నవన్నీ ఒక్కోటీ తిరిగి తేవడం. ఎక్కడో విన్నట్టుంది కదా?

వేటగాడు77:
వామ్మో. మావ్ శిక్ష కనిపెట్టింది దుర్గక్కే అన్నమాట

డెత్‌స్టాకర్_దుర్గ:
తెచ్చాడు కదా! 21కి 21 తెచ్చాడు, లెక్కపెట్టుకుంది నేనే. చివరి ఆరు గోల్డ్ పెట్టి వేలంలో కొన్నాడు, రాత్రిళ్లు ఫ్రాస్ట్ లోటస్ కోసి అమ్మి. ఏ గిల్డ్‌లో దొంగ వెనక్కి వచ్చి లెక్క అప్పజెప్పాడో చూపించు నాకు. తరిమేసి ఉంటే నీకు ఒక్కటి కూడా వచ్చేది కాదు. నీ కోసం చేస్తే, దాని కోసమే నన్ను పదిహేనేళ్లుగా దెప్పుతున్నావు. గిల్డ్ విరిగిపోయింది కూడా వాడి వల్ల కాదు. వాడున్న వాయిస్ ఛానెల్‌లోకి నువ్వు రానన్నావు, నీ వెనక ఆరుగురు వెళ్లిపోయారు. నేను ఫోర్‌సేకెన్ (హోర్డ్‌లో సిల్వానస్ జనం, చచ్చి లేచినవాళ్లు) అయింది ఆ తర్వాతే. ఎవరూ రానివ్వని వాళ్లంతా అక్కడే ఉంటారు కాబట్టి.

మూన్‌వెల్_మావయ్య:
ఇరవై ఒకటోది ఎప్పుడు తెచ్చాడో కూడా చెప్పు.

డెత్‌స్టాకర్_దుర్గ:
డిసెంబర్‌లో.

మూన్‌వెల్_మావయ్య:
2010 డిసెంబర్. కాటక్లిజం వచ్చి రెండు వారాలయింది. క్వెస్ట్‌లో ఇచ్చే పచ్చ (మామూలు రకం) గొడ్డళ్లతోనే పని జరిగిపోతోంది, షాడోమోర్న్ ఎవడిక్కావాలి. లెక్క సరిపోయింది, నిజమే. నాకేం మిగిలింది?

మోడరేటర్:
వ్యక్తిగత విషయాలు తగ్గించండి. థ్రెడ్ సిల్వానస్ గురించి.

కొత్తమొహం:
సారీ, నావల్లే అనుకుంటా అశ్వత్థామని తెచ్చి. కానీ ఒకటి అడగొచ్చా మావయ్య గారూ? మీరైతే ఆ దొంగని ఏం చేయాలనుకున్నారు?

మూన్‌వెల్_మావయ్య:
ఏం చేయాలనుకున్నానో నాకే తెలియదు తమ్ముడూ. అది కాదు విషయం. ఆ ఓటింగ్ పెట్టిన రోజు నేను చెల్లి పెళ్లి పనుల మీద భీమవరంలో ఉన్నా. నెట్ లేదు. వచ్చి చూసేసరికి వాడు గిల్డ్ ఛాట్‌లో హాయ్ చెప్తున్నాడు. పోయిన సరుకు నా పేరు మీద పెట్టింది. ఫోన్ నంబరు అందరి దగ్గరా ఉంది. ఒక్కరూ ఫోన్ చేయలేదు.

లోర్‌లక్ష్మణ్:
అంటే మావయ్య అడిగేది చావా జైలా అని కాదు. తీర్పు ఎవరు చెప్పాలి అని. ఆ లెక్కన సిల్వానస్ కేసులో తప్పు జరగలేదు. అక్కడ టైరాండేనే అడిగారు.

మూన్‌వెల్_మావయ్య:
టైరాండేని అడిగారు. ఆ 982లో మిగిలినవాళ్లని ఎవరడిగారు? వాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. వాళ్లని వెతుక్కుంటూ వచ్చేది ఎవరో తెలుసా? కాల్చిన మనిషే. ఆ మొహం చూస్తే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. నేనైతే ఇంకో మూల చూసుకుని దాక్కుంటా.

డెత్‌స్టాకర్_దుర్గ:
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. నిజంగా.

అయినా చంపాలి అన్నదానికి ఒప్పుకోను. ఆవిడ కాకపోతే ఎవరూ వెళ్లరు, అది మాత్రం నా మాట. నిన్ను మాత్రం అడగాల్సింది.

మూన్‌వెల్_మావయ్య:
అడిగి ఉంటే వద్దనేవాణ్ణి.

డెత్‌స్టాకర్_దుర్గ:
తెలుసు. అందుకే అడగలేదు.

పింగ్300:
...

మూన్‌వెల్_మావయ్య:
ఇంత నిజం పదిహేనేళ్లలో ఇదే మొదటిసారి చెప్పావు.

ఆ 21 ఇంకా నా బ్యాంకులోనే ఉన్నాయి, మొదటి ట్యాబ్‌లో. అమ్మబుద్ధి కాలేదు.

వేటగాడు77:
సరే మీరంతా సద్దుమణిగారు కాబట్టి అడుగుతున్నా. వారం రీసెట్ అయింది, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి శాంక్టమ్‌కి వెళ్తున్నా. ఇప్పుడు హోర్డ్, అలయన్స్ కలిసి వెళ్లొచ్చు కదా, ఎవరైనా వస్తారా? విల్లు పడితే నాకే.

మూన్‌వెల్_మావయ్య:
ఇన్వైట్ పెట్టు. ఆవిణ్ణి వారానికోసారైనా చంపకపోతే నాకు నిద్ర పట్టదు.

లోర్‌లక్ష్మణ్:
చిన్న సవరణ. ఆ రెయిడ్‌లో ఆవిడ చావదు.