నాయకుడి వెంట జనం నడిచేది సత్తా చూసా, మనిషి తీరు చూసా?

రెండో బెంచి:
పని తెలిసినవాడి వెంట జనం వాళ్లంతట వాళ్లే నడుస్తారు, మిగతాదంతా షో అని చాలామంది తేల్చేస్తుంటారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. బౌంటీ అనే బ్రిటిష్ ఓడ కెప్టెన్ విలియం బ్లై సంగతే చూడండి. 1789 ఏప్రిల్‌లో ఆ ఓడ మీద కొందరు నావికులు తిరుగుబాటు చేసి, ఆయన్నీ ఇంకో 18 మందినీ 23 అడుగుల పడవలోకి దింపేశారు. సముద్రపటాలు లేవు, తిండి కొద్దిరోజులకే సరిపోతుంది. అలాంటి పడవను సుమారు 6,700 కిలోమీటర్లు నడిపి తిమోర్ దీవి చేర్చాడు. దారిలో ఒక దీవిలో స్థానికుల చేతిలో ఒక్కడు చనిపోయాడు, మిగతా అందరూ ఒడ్డెక్కారు. సత్తా అంటే అది. అయినా ఓడ చేజారింది కదా! 1808లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ గవర్నరుగా ఉన్నప్పుడు కూడా అక్కడి సైన్యమే ఆయన్ని పదవిలోంచి దింపేసింది. అంత పనిమంతుడికే రెండుసార్లు ఇలా ఎందుకు జరిగినట్టు?

తర్కయ్య:
మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోందండీ. ఆ పడవలోకి ఎక్కినవాళ్లలో చాలామంది బ్లై వైపు నిలబడినవాళ్లే. ఇంకొందరు వస్తామన్నా చోటు లేక ఓడలోనే ఉండిపోయారు. పడవలో ఆకలితో మాడుతూ కూడా రొట్టె ముక్క ఆయన కొలిచి ఇచ్చినంతే తిన్నారు. కొబ్బరి చిప్పలతో త్రాసు చేసి, పిస్తోలు గుండును తూకంరాయిగా పెట్టి కొలిచాడట. ప్రాణాల మీదికొస్తే ఎవరికైనా కావలసింది దారి తెలిసినవాడు, తియ్యగా మాట్లాడేవాడు కాదు.

కాలక్షేపం:
నెలాఖరుకి జీతం పడితే చాలు, ఎవరి వెంటైనా నడుస్తాం 😀

పొద్దుతిరుగుడు:
తర్కయ్య గారూ, మీరు చెప్పిన ఆ త్రాసు దగ్గరే కాసేపు ఆగుదాం. నా వాదనంతా అందులోనే ఉంది. బ్లై మనసులో ఏముందో పడవలో ఎవరికీ తెలియక్కర్లేదు. తూకం కళ్ల ముందు జరుగుతోంది, ఆయన వంతూ అదే గుండుతో తూగుతోంది. దానికి కొద్దిరోజుల ముందు ఓడ మీద ఏం జరిగిందో చూడండి. డెక్ మీద పోగేసిన తన కొబ్బరికాయలు తగ్గాయని బ్లై అందరినీ నిలదీశాడు, తన కింది అధికారి ఫ్లెచర్ క్రిస్టియన్‌ని దొంగ అన్నాడు. తెల్లారేసరికి తిరుగుబాటు. సముద్రం గురించి ఆయనకున్న జ్ఞానం ఓడలోనూ అంతే, పడవలోనూ అంతే. మారిందల్లా కష్టం ఎవరి నెత్తిన పడుతోందన్నది.

అంటార్కిటికా ఖండాన్ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దాటాలని బయల్దేరిన షాకిల్‌టన్ కథ అందరికీ తెలిసిందే. 1915లో ఎండ్యూరెన్స్ ఓడ మంచులో నలిగి మునిగిపోయింది, 28 మంది మంచుగడ్డల మీద మిగిలారు. పడుకునే సంచుల్లో వెచ్చటి తోలువి అందరికీ సరిపడా లేవు, మిగతావి ఉన్నివి. చీటీలు వేస్తే ఉన్ని సంచులన్నీ విచిత్రంగా షాకిల్‌టన్‌కీ, ముఖ్యమైన అధికారులకీ వచ్చాయి. చీటీల్లో ఏదో మతలబు ఉందని ఒక నావికుడు తర్వాత రాసుకున్నాడు కూడా. అలాంటి మోసం చేసిన నాయకుడు రేపు కష్టమైన పని చెప్పినా ఎందుకని అడగాలనిపించదు. మంచితనం అని నేననేది తియ్యటి మాటల గురించి కాదు. నష్టం వచ్చినప్పుడు నాయకుడు ముందు తన వాటా తీసుకున్నాడా లేదా, అంతే.

వానచినుకు:
షాకిల్‌టన్‌ని దేవుణ్ణి చేసేశారు. వడ్రంగి మెక్‌నిష్ మంచు మీద ఇక కదలనని మొండికేస్తే, వెచ్చటి సంచీ పనికి రాలేదు. ఓడ ఒప్పందం బయటికి తీసి చదివి వినిపించాల్సి వచ్చింది. తర్వాత అదే మెక్‌నిష్ చిన్న పడవకు అంచులు ఎత్తు చేసి, పైకప్పు బిగించాడు. ఆ పడవలో వెళ్లి సాయం తేబట్టే అందరూ బతికారు. అయినా ధ్రువ యాత్రలు చేసినవాళ్లకిచ్చే పోలార్ పతకాల జాబితాలో ఆయన పేరు లేదు. ఇక ఖండానికి అవతలి వైపు రాస్ సముద్రం బృందం మాటేమిటి? షాకిల్‌టన్ ఆ దారినే వస్తాడని నమ్మి తిండి నిల్వలు పెడుతూ పోయారు. ఆయన రానేలేదు, ముగ్గురు చనిపోయారు. వాళ్లకు ఆయన పంచిన కష్టం ఏదీ కనపడలేదు, అయినా నడిచారు. దీనికి మీ సిద్ధాంతం ఏం చెబుతుంది?

పొద్దుతిరుగుడు:
మంచి ప్రశ్న. వాళ్లు నడిచింది షాకిల్‌టన్ కోసం మాత్రమే కాదనుకుంటాను. తాము ఆగిపోతే అవతలి నుంచి వచ్చేవాళ్లు చచ్చిపోతారనే లెక్కతో నడిచారు. అంటే నాయకుడి గుణం ఒక్కటే అన్నీ చేయదు, చేసే పనికి అర్థం కూడా కనపడాలి. మెక్‌నిష్ పతకం విషయంలో మీతో వాదించను, అది అన్యాయమే.

రెండో బెంచి:
సత్తా చాలదనడానికి ఇంకొకటి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఆసుపత్రి డాక్టర్ల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. లెక్కలు కళ్ల ముందున్నా తోటి డాక్టర్లలో ఎక్కువమంది వినలేదు. ఆయన పుస్తకం రాసింది 1861లో, ఆ తర్వాత ఒప్పుకోనివాళ్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. వినని డాక్టరు వైపు నుంచి చూడండి: నువ్వు చెప్పింది నిజం కావచ్చు, కానీ ఒప్పుకుంటే ఇన్నాళ్లూ నా చేతుల మీదుగా చనిపోయారని ఒప్పుకోవాలి! అలాంటివాడికి తలెత్తుకుని వెనక్కి వచ్చే దారి చూపించాలి. అది ఆయనకు చేతకాలేదు.

తర్కయ్య:
తప్పు వినడం ఇష్టం లేనివాళ్లదైతే నింద చెప్పినవాడి మీద వేస్తున్నారు. సరే, కాలక్షేపం గారి మాటకు వద్దాం, అందులో నిజం ఉంది. మనుషులు ఆజ్ఞకు ఎంతదాకా లొంగుతారో చూడటానికి 1961లో మొదలైన మిల్‌గ్రామ్ ప్రయోగాల్లో 40 మందిలో 26 మంది ఎదుటివాడికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుంటూనే ఇచ్చారు. ఆజ్ఞ ఇచ్చినవాడిలో వాళ్లు ఏ గుణం చూశారు? ఆయన వేసుకున్న ప్రయోగశాల కోటు చూశారు.

పొద్దుతిరుగుడు:
అదే ప్రయోగంలో ఆజ్ఞలు ఫోన్‌లో ఇచ్చినప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు ఇరవై శాతం చుట్టుపక్కలకు తగ్గారు. కొందరైతే షాక్ పెంచుతున్నామని ఫోన్‌లో చెబుతూ తక్కువే ఇచ్చారు. బాస్ సీట్లో లేనప్పుడు ఆఫీసుల్లో జరిగేది ఇదే కదండీ. గదిలో ఉన్నంతసేపు మాట వినడం వేరు, ఇష్టపడి వెంట నడవడం వేరు. మన చర్చ రెండోదాని గురించి.

వానచినుకు:
ఆ రెండోది కూడా ఎక్కువైతే ప్రమాదమే. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే ఇంకా ఖాళీ కాలేదేమోనని, పైకి లేవబోతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్‌కు సందేహం వచ్చింది, అడిగాడు కూడా. పక్కనున్నది కంపెనీలోకెల్లా పేరున్న కెప్టెన్. ఖాళీ అయిందని ఆయన గట్టిగా అనేసరికి ఇంకెవరూ మాట్లాడలేదు. సత్తాకు లోటు లేదు, గౌరవానికీ లోటు లేదు.

తర్కయ్య:
అంటే ఎదురు చెప్పనిచ్చేవాడి వెంటే నడవాలంటారు. మరి రొట్టె అయిపోతున్న పడవలో ప్రతి ముక్కకూ చర్చ పెడితే తిమోర్ చేరేవాళ్లా?

పొద్దుతిరుగుడు:
ప్రతి ముక్కకూ చర్చ అక్కర్లేదు. తూకం తప్పినప్పుడు తప్పిందని అనగలిగితే చాలు. టెనెరిఫ్ కాక్‌పిట్‌లో లేనిది అదే.