ద్విభాషా పాఠ్యపుస్తకాల మీద ఇంటర్న్‌షిప్: సర్వే సరిపోతుందా?

ప్రశ్న:
ఎం.ఎడ్. రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే నెల నుంచి ఆరు వారాలు పాఠ్యప్రణాళిక బృందంతో ఇంటర్న్‌షిప్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది కదా. పిల్లలు నిజంగా ఏ పేజీ చదువుతున్నారో తెలుసుకోవాలి. సర్వే ఫారాలు పంచితే చాలా? గైడ్ గారిని అడగాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఫారాలతో మొదలుపెట్టకమ్మా. నా ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాలు వాటికే పోయాయి. అందరూ ‘పుస్తకం బాగుంది’ అనే రాశారు. తర్వాత ఏడో తరగతి సైన్సు పీరియడ్‌లో వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక పాప వేలు ఇంగ్లీషు పేజీ మీద, కళ్ళు తెలుగు పేజీలో. ‘కిరణజన్య సంయోగక్రియ’ దగ్గర ఆగిపోయి, మళ్ళీ ఇంగ్లీషు వైపు వచ్చేసింది. ‘ఫొటోసింథసిస్’ అన్న మాట టీచరు నోట రోజూ వింటోంది మరి! తెలుగు పేజీ ఉంటే చాలదు, అందులో మాట కూడా పిల్లకు అందాలని నాకు అప్పుడే అర్థమైంది. నా రిపోర్టంతా ఆ ఒక్క పీరియడ్ చుట్టూనే రాశాను.

జవాబు 2:
బడికి వెళ్ళేముందు అనుమతి లెటర్ తీసుకోండి, హెడ్‌మాస్టర్లు అడుగుతారు. పరీక్షల వారం మాత్రం వద్దు.

అడిగినవారు:
థాంక్యూ అక్కా. రెండు బడులే ఎంచుకుని, తరగతిలోనే కూర్చుంటాను. పిల్లలు ఆగిపోయే మాటలు ఒక్కొక్కటీ రాసుకుంటాను.