తిరుపతిలో 60 వేలకి మొదటి హోమ్ థియేటర్: దేనికి ఎక్కువ పెట్టాల?

ప్రశ్న (కొర్లగుంట): అన్నా, హాలు 12 అడుగులకి 14. కింద గ్రానైట్, గోడలు ఉత్తవి. 60 వేల లోపల రిసీవర్ (టీవీ సౌండు తీసుకుని స్పీకర్లని మోగించే యంత్రం), స్పీకర్లు రెండూ కావాల.

జవాబు: స్పీకర్లకే ఎక్కువ పెట్టు తమ్ముడూ. రిసీవర్ డబ్బా మీద పెద్దగా వేసే వాట్లు చాలాసార్లు ఒక్క చానెల్ (ఒక స్పీకర్ లైను) మోగించి కొలిచినవే. ఐదు చానెళ్లూ కలిసి మోగితే అంత రాదు. 8 ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు), 88 డెసిబెల్స్ దాటిన సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) ఉన్న స్పీకర్లయితే ఈ హాలుకి చిన్న రిసీవరే చాలు. ముందు 3.1 కొను: ఎడమ, కుడి, సెంటర్, సబ్‌వూఫర్ (బేస్ కోసం ఉండే స్పీకర్). సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్‌లోనే వస్తాయి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. వెనక స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో జవాబు: స్పీకర్ వైరు 16 గేజ్ (మందం కొలత), అచ్చం రాగిది తీసుకోండి. రాగి పూత అల్యూమినియం కూడా అంటగడతారు. పోగు గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. బిగించేటప్పుడు ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ ప్రొటెక్ట్‌లోకి (తనను కాపాడుకునే మోడ్‌లోకి) పోయి ఆగిపోతుంది. ప్లస్, మైనస్ ఒక స్పీకర్‌కి తారుమారైతే బేస్ పలచబడిపోతుంది.

ప్రశ్న: టీవీకి ఏఆర్‌సీనే (టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ వైరు మీదే రిసీవర్‌కి పంపేది) ఉందన్నా, ఈఏఆర్‌సీ (దాని మెరుగైన రకం) లేదు. చాలునా?

జవాబు: ఓటీటీలో వచ్చే 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) సౌండుకి అది చాలు. ఆటో సెటప్ (రిసీవర్ మైకుతో స్పీకర్లని తానే కొలుచుకోవడం) అయినాక స్పీకర్లు ‘లార్జ్’ అని చూపిస్తే ‘స్మాల్’ చేసి, క్రాసోవర్ (దీని కింది బేస్ సబ్‌వూఫర్‌కి పోయే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టు. గ్రానైట్ మీద మందం జంపఖానా పరుచు, మాట తేటపడుతుంది.