లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ ఛానల్ ఏమైంది? ఆస్టిన్ వాళ్ళు ఎవరైనా చెప్పండి

ఒహాయో_నాన్న
అందరికీ నమస్తే. మా అమ్మాయి ఈ ఏడాది యూటీ ఆస్టిన్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) చేరింది, దానికి వాలీబాల్ పిచ్చి, ఆడే పిచ్చి కాదు, చూసే పిచ్చి. మా ఆఫీసులో ఒక టెక్సస్ పెద్దాయన మా యూనివర్సిటీకి లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ అని సొంత టీవీ ఛానలే ఉంది తెలుసా అని గొప్పగా చెప్పాడు, సరే స్టాండ్స్‌లో కూతురు కనపడకపోతుందా అని టీవీ అంతా గాలించా, లేదు. కేబుల్ వాడికి ఫోన్ చేస్తే అరగంట మ్యూజిక్ వినిపించి ఇంకో ప్యాకేజీ అంటగట్టబోయాడు. అసలు ఆ ఛానల్ ఉందా? అయినా ఒక్క కాలేజీకి 24 గంటల ఛానల్ ఏంటండీ బాబూ, అంతసేపు ఏం చూపిస్తారు? మన దగ్గర ఇంటర్ యూనివర్సిటీ మ్యాచ్ అయితే మర్నాడు జిల్లా పేపర్లో రెండు లైన్లు వస్తే గొప్ప.

ఆరెంజ్_టీషర్ట్
ఉండేది అన్నా, మూసేశారు. 2011 ఆగస్టులో మొదలైంది, 2024 జూన్ ఆఖరుతో సరి. నేను ఎమ్మెస్‌కి వచ్చింది ఆ 2011లోనే. స్పోర్ట్స్ ఛానళ్ళ ఈఎస్‌పీఎన్ వాళ్ళు 20 ఏళ్ళకి 300 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, ఒక్క కాలేజీకి! తీరా సీజన్ మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, రైస్ యూనివర్సిటీ మీద, ఆ ఛానల్లోనే వేస్తే ఆస్టిన్‌లోనే బోలెడు ఇళ్ళకి రాలేదు, ఎందుకంటే టైమ్ వార్నర్ కేబుల్ కంపెనీ ఆ ఛానల్ ఇవ్వడానికి ఒప్పుకునేసరికి 2012 అయింది. ఏం చూపిస్తారంటే, కోచ్ ప్రెస్‌మీట్లు, పాత మ్యాచ్‌లు వేసిందే వేయడం, కానీ నిజంగా బాగుండేది వాలీబాల్, సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్. అవి వేరే ఎవడు చూపిస్తాడు చెప్పు. టెక్సస్ అమ్మాయిలు 2022, 2023 వరసగా వాలీబాల్ నేషనల్ ఛాంపియన్లు.

ఇంకో గొడవుంది. హైస్కూల్ మ్యాచ్‌లు కూడా వేస్తాం అన్నారు మొదట్లో, అంటే మంచి ప్లేయర్లకి టీవీ చూపించి లాక్కోవడమే కదా అని పక్క కాలేజీలు మండిపడ్డాయి, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ కుదరదంది. మన లీగ్‌లోనే ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకైతే అసలే ఒళ్ళు మంట, 2012లో ఎస్‌ఈసీ అనే ఇంకో కాలేజీల లీగ్‌కి వెళ్ళిపోయింది. తోడికోడలు వేరు కాపురం పెట్టిందని పన్నెండేళ్ళు నవ్వుకుని 2024 జూలైలో మనమూ సామాన్లు సర్దుకుని అదే ఇంట్లో దిగాం :) ఎస్‌ఈసీకి 2014 నుంచే సొంత నెట్‌వర్క్ ఉంది, ఇక మన ఛానల్‌తో పనేముంది.

టెంపే_కుర్రాడు
మీకు కనీసం డబ్బులన్నా వచ్చాయి బ్రో. నేను అరిజోనా స్టేట్, మా పాక్-12 లీగ్ వాళ్ళు 2012లో ఛానల్ పెట్టి ఎవరితో పార్ట్‌నర్‌షిప్ లేకుండా మొత్తం మాదే అన్నారు, ఒక నేషనల్ ఛానల్, దాని కింద ఆరు లోకల్ ఛానళ్ళు. డైరెక్‌టీవీ డిష్‌లోకి మాత్రం చివరిదాకా ఎక్కలేదు. లాస్ ఏంజిలెస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో లీగ్‌కి పోతామన్నాక మిగతావాళ్ళూ ఒక్కొక్కళ్ళుగా జారుకున్నారు, మాదీ 2024 జూన్‌లోనే ఫినిష్.

కొలంబస్_బాబాయ్
ఒహాయోలో ఉంటూ ఈ టెక్సస్ గోలేంటండీ, మీ టీవీలో బిగ్ టెన్ నెట్‌వర్క్ ఉండే ఉంటుంది చూడండి, 2007లో మొదలైంది. మొదటి వారంలోనే యాపలాచియన్ స్టేట్ అని చిన్న కాలేజీ మిషిగన్‌ని వాళ్ళ సొంత గడ్డ మీదే 34-32తో ఓడించింది, ఆ మ్యాచ్ వచ్చింది ఆ ఛానల్లోనే, కామ్‌కాస్ట్ కేబుల్ ఉన్న ఇళ్ళకి అప్పటికింకా ఆ ఛానల్ లేదు. మిషిగన్ ఓడితే మాకు సంక్రాంతి, ఆ రోజు నేను చూళ్ళేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

కిటుకంతా కేబుల్ బిల్లులోనే. మీరు చూసినా చూడకపోయినా నెలనెలా ప్రతి ఇంటి నుంచీ ఛానల్‌కి కొంత పోతుంది. 2014లో బిగ్ టెన్ వాళ్ళు రట్గర్స్, మేరీలాండ్ యూనివర్సిటీల్ని చేర్చుకున్నది ఆటకా అనుకున్నారు? న్యూయార్క్, వాషింగ్టన్ చుట్టుపక్కల టీవీలు లెక్కేసుకుని.

ఒహాయో_నాన్న
థాంక్యూ అందరికీ. అయితే వాలీబాల్ ఇప్పుడెక్కడ చూడాలి?

ఆరెంజ్_టీషర్ట్
కొన్ని ఎస్‌ఈసీ నెట్‌వర్క్‌లో, మిగతావి ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ప్లస్‌లో. ప్లస్ అంటే ఛానల్ నంబర్ ఉండదు, ఈఎస్‌పీఎన్ యాప్‌లోనే. మీ ప్యాకేజీలో ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ఉంటే ఆ లాగిన్ సరిపోతుంది, కొత్త ప్యాకేజీ కొనకండి.

ఒహాయో_నాన్న
యాప్ దొరికింది, అమ్మాయికి చెప్తే "నాన్నా, నువ్వు చూస్తావని తెలిస్తే నేను వెనక వరసలో కూర్చుంటా" అంది.