అప్‌డేట్: మినీ మిల్లుకు మెటల్ గేర్లు వేశాను

నా మినీ మిల్లులో (లోహాన్ని చెక్కే చిన్న మిల్లింగ్ మెషీన్) ఫ్లై కట్టర్ (పైభాగాన్ని చదును చేసే, తిరిగే కత్తి) లోహానికి ఆనగానే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) ఆగిపోతోంది, మోటార్ మాత్రం తిరుగుతూనే ఉంది, ఎందుకని ఇదివరకు ఇక్కడ అడిగాను. హెడ్ (స్పిండిల్, గేర్లు ఉండే భాగం) విప్పితే, మధ్యలోని ప్లాస్టిక్ గేరుకు ఒక పక్క పళ్లు వరసగా చెక్కేసినట్టు నున్నగా పోయాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి! మెటల్ గేర్లు వేశాను. సర్‌క్లిప్ (గేరు జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీసేటప్పుడే, ఎక్కడికి ఎగిరిపోతుందోనని ఒకటే టెన్షన్.

ఇప్పుడు కోత బాగుంది కానీ, హై స్పీడులో గోల భరించలేం. గ్రీజు పెడితే కాస్త తగ్గింది. కట్టర్ ఇరుక్కుంటే ఇదివరకు ప్లాస్టిక్ పళ్లు విరిగి మోటారును కాపాడేవి. ఇక ఆ దెబ్బ మోటారుకూ కంట్రోల్ బోర్డుకూ తగులుతుంది. అందుకే కోత లోతు తగ్గించాను. గేర్లకు బదులు బెల్టుతో స్పిండిల్‌ను తిప్పే బెల్టు డ్రైవ్ అయితే చప్పుడు తక్కువ, ఇరుక్కుంటే బెల్టు జారుతుంది. మళ్లీ హెడ్ విప్పాల్సి వస్తే దానికే మారతాను.